వ్యాపార సంస్థలలో సమాచార వ్యవస్థలు

(సంఘం వార్షిక సమావేశమున భీమ్‌గల్‌లో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు పది రోజుల కిందట మా ఇంటికి వచ్చి, "సార్, మన పిల్లలు ఇప్పుడు బి.కాం., ఎం.బి.ఏ. చదువుతున్నారు. వ్యాపార సంస్థల్లో సమాచార వ్యవస్థలు ఎన్ని రకాలో వాళ్ళకు చెప్పండి. కాని పెద్దలకు కూడా అర్థం కావాలి. ఎవరికీ నిద్ర రాకూడదు" అన్నారు. మొదటి రెండు షరతులు నేను ఒప్పుకొన్నాను. ముప్పయ్యేళ్ళు కామర్సు పాఠం చెప్పినవాణ్ణి గనుక మూడో షరతు గురించి మాట ఇవ్వలేకపోయాను.

సమాచార వ్యవస్థ అనగానే అందరికీ కంప్యూటరు గుర్తుకు వస్తుంది. అది సగం నిజము. వ్యాపారములో జరిగిన దానిని పట్టి ఉంచి, లెక్క కట్టి, కావలసినవాని చేతికి కావలసిన వేళకు అందించే ఏర్పాటు ఏదైనా సమాచార వ్యవస్థే. అందులో మనిషి ఉంటాడు, రాసే చోటు ఉంటుంది, ఒక పద్ధతి ఉంటుంది. యంత్రము ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మన కిరాణా దుకాణంలో ఉద్దెర పుస్తకము సమాచార వ్యవస్థే. ఇవాళ అదే దుకాణంలో డబ్బా ఒకటి "పది రూపాయలు ముట్టినవి" అని అరుస్తున్నదే, అదీ సమాచార వ్యవస్థే. రసీదు, జమా, బాకీ, హిసాబు, నకలు - ఈ మాటలన్నీ ఫారసీ, అరబ్బీల నుంచి వచ్చి తెలుగులో ఇంటి మాటలైనవి. అంటే కంప్యూటరు రాకముందే మన దగ్గర ఈ పనికి కావలసిన భాష అంతా తయారుగా ఉన్నదన్న మాట.

పుస్తకాల్లో ఈ విషయము చదవకముందే నేను ఒక సమాచార వ్యవస్థలో పనిచేశాను. 1979లో. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.

మా గల్లీలో ఒక టేకేదారు ఉండేవాడు. భీమ్‌గల్, కమ్మర్‌పల్లి, మోర్తాడ్, వేల్పూర్ వైపు టేకేదారు అంటే ఎవరో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. కాని పట్నం నుంచి వచ్చిన అతిథులున్నారు గనుక చెబుతాను. బీడీ కంపెనీకి, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు నడుమ ఉండే మనిషి అతడు. కంపెనీ నుంచి ఆకు, తంబాకు, దారము తెచ్చి తూకం వేసి ఇస్తాడు. వాళ్ళు రాత్రి ఆకు తడిపి పెట్టి, తెల్లారి కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తెస్తారు. ఇరవై ఐదు బీడీల కట్టలు నలభై అయితే వెయ్యి. కూలి ఎప్పుడైనా వెయ్యి లెక్కనే. మా టేకేదారుకు చూపు తగ్గింది. నా దస్తూరి బాగుంటుందని, తెలుగూ ఉర్దూ రెండూ రాస్తానని, బడి విడిచిన తర్వాత సాయంత్రం రిజిస్టరు రాయడానికి నన్ను పెట్టుకున్నాడు. నెలకు పదిహేను రూపాయలు, రోజూ ఒక చాయ్.

ఆ రిజిస్టరులో గడులు ఇవి: పేరు, నంబరు, ఇచ్చిన ఆకు, ఇచ్చిన తంబాకు, వచ్చిన బీడీలు, కూలి. ఆమె చేతిలో ఒక చిన్న పుస్తకము ఉండేది, అదే అంకె అందులోనూ వేసేవాణ్ణి. కాలేజీ పిల్లలు వినండి. మీ పాఠ్యపుస్తకంలో లావాదేవీల వ్యవస్థ అని మొట్టమొదట చెబుతారే, అది ఇదే. జరిగిన ప్రతి ఇచ్చిపుచ్చుకోలును జరిగిన చోటనే, జరిగినప్పుడే నమోదు చేసేది. బ్యాంకులో జమ, బస్సులో టికెట్టు, మందుల దుకాణంలో బిల్లు, అంతా ఇదే రకము. ఇది చిన్న పని అని పైవాళ్ళు అనుకుంటారు. తక్కువ జీతగానికి అప్పగిస్తారు. నాకు ఒప్పగించినట్టే.

ఇందులో రెండు సంగతులు మీరు గుర్తుంచుకోవాలె.

మొదటిది, గడి లేనిది రికార్డులోకి రాదు. తెచ్చిన బీడీలను చాటన్ చేసేవాడు ఏరి, సన్నగా ఉన్నవి, ముడి జారినవి పక్కకు వేసేవాడు. వెయ్యి తెచ్చిన మనిషికి ఒకనాడు యాభై పోయేవి, ఒకనాడు ఎనభై పోయేవి. పోయినవాటికి కూలి లేదు. మరి రిజిస్టరులో 'తీసివేసినవి' అనే గడి ఉన్నదా? లేదు. మిగిలిన అంకె మాత్రమే నేను రాసేవాణ్ణి. ఏడాదికి ఎన్ని వేల బీడీలు అట్లా పోయినవో ఆ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. అబద్ధమేమీ రాయలేదు, అడగని ప్రశ్నకు జవాబు లేకపోయింది, అంతే.

ఈ గడి లేని పని తర్వాత ఎక్కడ తేలిందో చెబుతాను. బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండు చట్టము 1977లో వర్తింపజేసినారు. ఇంట్లో చుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కారు, వాళ్ళ మీద మాకు అజమాయిషీ లేదు, కనుక ఫండు కట్టము అని బీడీ కంపెనీలు కొన్ని సుప్రీంకోర్టు దాకా పోయినవి. 1985లో తీర్పు వచ్చింది. నచ్చని బీడీని తిప్పికొట్టే హక్కు యజమానికి ఉన్నది, ఆ హక్కే అజమాయిషీ, కనుక ఇంట్లో చుట్టే మనిషి కూడా ఉద్యోగియే అని కోర్టు చెప్పింది. మా రిజిస్టరులో చోటు దొరకని చాటన్, లక్షలమంది ఆడవాళ్ళ పక్షాన సాక్ష్యమైంది. ఆ తీర్పు గురించి నేను బి.కాం. చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక న్యాయశాస్త్ర పుస్తకంలో చదివి, ఆ రాత్రి పుస్తకము మూయలేకపోతిని.

రెండవది నా ఇంటి సంగతి. చెప్పవలెనా వద్దా అని ఆలోచించి చెబుతున్నాను.

మా ఫుప్పు పేర పుస్తకము ఉండేది, నంబరు ఉండేది. మా అమ్మీకి లేదు. కొత్త పుస్తకాలు ఇప్పుడు ఇవ్వరు, కంపెనీ నుంచి మంజూరు రాలేదు అని టేకేదారు చెప్పేవాడు. ఇంట్లో ఇద్దరూ చుట్టేవారు. ఇద్దరి బీడీలూ ఒకే బుట్టలో వచ్చేవి. నేను ఫుప్పు పేర రాసేవాణ్ణి. ఫుప్పు ఆరు వందలు, అమ్మీ ఏడు వందలు చుడితే, ఫుప్పు పేరెదురుగా పదమూడు వందలు. కూలి ఇంటికే వచ్చేది గనుక ఎవరికీ ఏమీ తేడా కనబడలేదు. నాకూ కనబడలేదు. ఆ అంకెలు అందంగా రాసినందుకు టేకేదారు నన్ను మెచ్చుకొనేవాడు కూడాను.

అమ్మీకి సొంత నంబరు 1994లో వచ్చింది. 2002లో నడుము పట్టేసి, చూపు మందగించి చుట్టడం మానేసింది. ఎనిమిదేళ్ళ సర్వీసు. పి.ఎఫ్. పింఛను రావాలంటే పదేళ్ళు ఉండాలె. చేతికి వచ్చిన కొద్ది డబ్బు తీసుకొని ఊరుకున్నది. పదిహేనేళ్ళ ముందటి పని అంతా ఫుప్పు ఖాతాలో ఉన్నది. ఫుప్పు అప్పటికే లేదు. ఆ పేరుకు ఎదురుగా ఉన్న అంకెల్లో సగానికి పైగా అమ్మీవి అని నిరూపించడానికి కాగితము లేదు. ఆ అంకెలు వేసిన చెయ్యి మాత్రము ఉన్నది, అది నాది. అమ్మీ ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

ఇప్పుడు పై మెట్టుకు పోదాము. శనివారం శనివారం టేకేదారు నాచేత ఒక కాగితం రాయించేవాడు. వారం మొత్తంలో ఎంత ఆకు వచ్చింది, ఎన్ని వేల బీడీలు పోయినవి, ఆకు లెక్కకు బీడీలు తక్కువ తెచ్చినవాళ్ళు ఎవరు. అది కంపెనీ మేనేజరు బల్ల మీదికి పోయేది. దీనినే మేనేజ్‌మెంటు సమాచార వ్యవస్థ అంటారు. విడివిడి లావాదేవీలను కూడి, పోల్చి, తేడా ఉన్న చోట ఎర్రగీత గీసి చూపించేది. మేనేజరు మూడు వందల పేర్లు చదవడు, ఎర్రగీత ఉన్న ఏడు పేర్లు చదువుతాడు. అది తప్పు కాదు, అట్లా చదవకపోతే అతని పని సాగదు.

కాని చూడండి. మా ఇంటి లెక్కలో ఎర్రగీత ఎన్నడూ పడలేదు. ఇచ్చిన ఆకుకు, వచ్చిన బీడీలకు సరిగ్గా సరిపోయింది. మొత్తము కరెక్టు, కూలి కరెక్టు. కంపెనీ ఆఫీసులో ఎవరు ఎన్నిసార్లు తనిఖీ చేసినా తప్పు దొరకదు. తప్పల్లా ఒక మనిషి పేరు దగ్గర. కింద రిజిస్టరులో పేరు ఉంటుంది, పైకి పోయిన కొద్దీ పేరు రాలిపోయి అంకె మిగులుతుంది. అందుచేత పైన కూర్చున్నవానికి ఆ తప్పు కనబడే మార్గమే లేదు. నేను ఇవాళ చెప్పదలచినదంతా ఇదే. మిగిలిన రకాలు చెప్పేటప్పుడు కూడా ఈ మాట మనసులో పెట్టుకోండి.

మూడో రకము నిర్ణయానికి తోడ్పడే వ్యవస్థ. తునికాకు వేసవిలోనే కోతకు వస్తుంది. ఏడాదికి కావలసిన ఆకు అప్పుడే కొని గోదాములో పెట్టుకోవాలె. ఎంత కొనాలి? తక్కువైతే పని ఆగుతుంది, ఎక్కువైతే సొమ్ము ఇరుక్కుంటుంది, ఆకు పాడవుతుంది. పన్ను పెరిగితే ఎట్లా, అమ్మకము తగ్గితే ఎట్లా? 2017 జులైలో బీడీ మీద 28 శాతం జి.ఎస్.టి. పడినప్పుడు ఇటువంటి లెక్క ప్రతి కంపెనీలోనూ వేసి ఉంటారు. ఇటువంటి 'ఒకవేళ' ప్రశ్నలకు పాత అంకెలు పెట్టి లెక్క వేసి చూపడమే ఈ వ్యవస్థ పని. అది నిర్ణయము చేయదు. నిర్ణయము సేటు చేస్తాడు. పాతకాలపు సేట్లు ఇదంతా కళ్ళు మూసుకుని మనసులో చేసేవారు, కొందరు మునిగేవారు.

నాలుగోది అన్నిటి పైన, యజమాని ముందుకు వచ్చే ఒక్క కాగితము. సంస్థ ఎటు పోతున్నది, పోటీవాడు ఏమి చేస్తున్నాడు, చట్టము ఏమి మారుతున్నది. దీనిని అధికారుల సమాచార వ్యవస్థ అంటారు. దీని గురించి ఇంతకంటే నాకు అనుభవము లేదు. నన్ను ఎవరూ అంత పైన కూర్చోబెట్టలేదు.

ఈ మెట్ల లెక్క నా సొంతము కాదు. కింద రోజువారీ పని, నడుమ అజమాయిషీ, పైన దూరాలోచన అని మూడు అంతస్తులుగా సంస్థలను చూడవచ్చునని 1965లో హార్వర్డు ప్రొఫెసరు రాబర్ట్ ఆంటొనీ రాశాడు. తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలన్నీ ఆ మూడంతస్తుల మేడ చుట్టూనే తిరిగినవి. పరీక్షలో బొమ్మ వేయమంటే పిల్లలు గోపురము గీసి పెడతారు. గీయండి, మార్కులు వస్తాయి. కాని గోపురము కింది రాళ్ళ మీద నిలబడుతుందని ఆ బొమ్మలో రాసి ఉండదు.

అందరి వ్యాపారము ఒక్క తీరుగా ఉండదు గనుక బోధన్ ముచ్చట కొంత చెబుతాను. నిజాం షుగర్ ఫ్యాక్టరీని 1937లో స్థాపించినారు. నిజాంసాగర్ నీళ్ళు, చెరకు తోటలు, శక్కర్‌నగర్ - ఆ మూడూ కలిసి ఈ జిల్లా ముఖము మార్చినవి. చక్కెర మిల్లుకు ప్రాణము గడియారము. నరికిన చెరకు ఎండలో ఉన్న కొద్దీ బరువు తగ్గుతుంది, అందులోని తీపి తగ్గుతుంది. గానుగ చూస్తే రాత్రింబవళ్ళు తిరగాలి. వందల ఊళ్ళ చెరకు ఒక్కనాడే వచ్చి పడితే బండ్లు రోజుల తరబడి నిలబడతాయి, ఏమీ రాకపోతే గానుగ ఉత్తగా తిరుగుతుంది. కనుక ఏ రైతు ఏ తేదీన నాటాడు, ఎన్ని ఎకరాలు, ఎప్పుడు పక్వానికి వస్తుంది అనేది ముందే రాసి పెట్టుకొని, ఆ వరసన కోతకు పర్మిట్లు ఇవ్వాలి. ఇక్కడ కింది రిజిస్టరే పై నిర్ణయము. నాటిన తేదీ ఒకటి తప్పు రాస్తే ఆ రైతు చెరకు పొలంలోనే ఎండుతుంది. కాంటా మీద తూకము చీటీ, దాని మీదనే పైసలు. చెరకు అందిన పద్నాలుగు రోజుల్లో సొమ్ము చెల్లించాలని 1966 నాటి చెరకు ఉత్తర్వు చెబుతున్నది. అంటే ఆ చీటీ చేతిలో ఉన్న రైతు పద్నాలుగు రోజులు లెక్క పెట్టి అడగగలడు. చీటీ లేనివాడు బతిమాలుకోవాలి.

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూతపడింది. ఎందుకు మూతపడింది అనేది వేరే సభలో వేరే వక్త చెప్పవలసిన విషయము.

ఇక కంప్యూటరు వ్యాపారంలోకి ఎట్లా వచ్చిందో వింటే మీకు నవ్వు వస్తుంది. ఆయుధాల కర్మాగారంలో కాదు, బ్యాంకులో కాదు, చాయ్ హోటళ్ళ కంపెనీలో వచ్చింది. లండన్‌లో జె. లయన్స్ అని కంపెనీ ఉండేది. ఊరంతా చాయ్ దుకాణాలు, సొంత రొట్టెల బట్టీలు. వాళ్ళు తమ లెక్కల కోసము తామే ఒక కంప్యూటరు కట్టించుకొని దానికి లియో అని పేరు పెట్టినారు. 1951 నవంబరులో బేకరీ సరుకు విలువ కట్టే పనిని ఆ యంత్రము మీద నడిపినారు. రోజువారీ వ్యాపారపు పని కంప్యూటరు మీద నడవడము ప్రపంచంలో అదే మొదలని చెబుతారు.

తర్వాత చాయ్ దుకాణాలకు సరుకు పంపే పని కూడా దానికి అప్పగించినారు. ప్రతి దుకాణాన్ని ఒక ఆడమనిషి నడిపేది. సోమవారానికి ఇన్ని రొట్టెలు, మంగళవారానికి ఇన్ని కేకులు అని ఆమె లెక్క ముందే యంత్రములో ఉండేది. మార్పు ఉంటేనే టెలిఫోను చేసి చెప్పేది. అవతల మరొక ఆడమనిషి విని, విన్నది విన్నట్టే కార్డు మీద రంధ్రాలు పొడిచేది. రాత్రికి యంత్రము అన్ని దుకాణాల లెక్కా కట్టేది, తెల్లారేసరికి బండ్లు కదిలేవి. ఎంత గొప్ప యంత్రమైనా రేపు వాన పడితే చాయ్ ఎక్కువ పోతుందని దానికి ఏమి తెలుస్తుంది? గల్లా మీద కూర్చున్న ఆమెకు తెలుస్తుంది. లయన్స్ వాళ్ళ తెలివి నాకు అక్కడ కనబడుతుంది. ఆమె మాటకు గడి పెట్టినారు.

తర్వాత అరవై డెబ్బై ఏళ్ళలో జరిగినదంతా త్వరగా చెబుతాను. మొదట్లో స్టోర్సుకొక పుస్తకము, అమ్మకాలకొకటి, జీతాలకొకటి. ఒకదానితో ఒకటి కలవదు. అన్నిటినీ ఒకే పుస్తకముగా కలిపే ఏర్పాటు వచ్చింది, దానిని ఇ.ఆర్.పి. అంటారు. ఒక చోట సరుకు దిగితే లెక్కల శాఖలో బాకీ దానంతటదే పడుతుంది. బ్యాంకులలో కూడా అట్లే. ఒకప్పుడు నిజామాబాద్ శాఖలోని ఖాతా నిజామాబాద్‌లోనే ఉండేది, ఇప్పుడు ఖాతాదారు ఏ శాఖకు పోయినా ఖాతా అక్కడ ఉంటుంది. సంస్థకూ సంస్థకూ మధ్య నడిచే వ్యవస్థలు వచ్చినవి. మన పసుపు సంగతి చూడండి. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఇ-నామ్ ప్రారంభమైనప్పుడు మొదటి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. కుప్పకు నంబరు వేస్తారు, వ్యాపారులు కంప్యూటరులో ధర వేస్తారు, ఎక్కువ వేసినవానికి సరుకు. దూరపు వ్యాపారి కూడా ధర వేయవచ్చును. మంచిదే. కాని గేటు దగ్గర కుప్ప ఎవరి పేర రాసినారు, కౌలురైతు పేరనా, పట్టాదారు పేరనా? సొమ్ము ఆ పేరున్న ఖాతాకే పోతుంది. మళ్ళీ అదే ప్రశ్న, మొదటి పంక్తిలో ఎవరి పేరు?

ఇప్పుడు యంత్రమే పాత రికార్డులు చదివి నేర్చుకొని సలహా చెప్పే రకము వచ్చింది. పిల్లలందరికీ దాని మీదనే మోజు. నేను వద్దనను. అయితే మా రిజిస్టరును అటువంటి యంత్రానికి చదవడానికి ఇచ్చినామనుకోండి, అది ఏమి నేర్చుకుంటుంది? భీమ్‌గల్‌లో ఒక ఆడమనిషి రోజుకు పదమూడు వందల బీడీలు చుట్టగలదని నేర్చుకుంటుంది. పక్కనే ఇంకొక మనిషి కూర్చున్నదని దానికి ఏ గడిలోనూ రాసి లేదు.

ఇక మన తల్లులకు, అక్కచెల్లెళ్ళకు పనికివచ్చే మాట. పేరు ఉండడము ఒక ఎత్తు, పేరు ఒకే తీరుగా ఉండడము మరొక ఎత్తు. మన ఆడవాళ్ళ పేర్లు ఉర్దూలో పుడతాయి, టేకేదారు రిజిస్టరులో తెలుగులోకి పోతాయి, ఆఫీసులో ఇంగ్లీషులోకి పోతాయి. ఖైరున్నీసా అనే పేరును తీసుకోండి. ఒక చోట ఖైరున్నిసా, ఒక చోట కైరున్నీస బేగం, ఇంకొక చోట ఖైరున్ బీ. పెండ్లికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు. పుట్టిన తేదీ సరేసరి, సగం మందికి జనవరి ఒకటో తేదీ. గల్లీలో అందరికీ ఆమె ఒక్కతే మనిషి. కంప్యూటరుకు ముగ్గురు. పాత గుమాస్తా అయితే ముఖము చూసి, "నువ్వేనమ్మా?" అని దస్తఖత్ చేసేవాడు. యంత్రానికి ముఖమాటము లేదు, దయా లేదు, పగా లేదు. అక్షరము కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేనట్టు.

ఇది చిన్న సంగతి అనుకోకండి. 2014 సెప్టెంబరు నుంచి పి.ఎఫ్. పింఛను కనీసము నెలకు వెయ్యి రూపాయలు చేసినారు. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది. అప్పుడు కూడా మొదటి ప్రశ్న, పి.ఎఫ్. నంబరు ఉన్నదా? ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు, పి.ఎఫ్.లో పేరు కలవకపోతే ఏమి చేయాలి అని చాలామంది మా ఇంటికి వస్తుంటారు. దిద్దుబాటుకు పద్ధతి ఉన్నది. కార్మికురాలు, యజమాని ఇద్దరూ కలిసి సంతకము చేసి ఇచ్చే ఉమ్మడి ప్రకటన అని ఒకటి ఉంటుంది. యజమాని సంతకము కంపెనీ నడుస్తున్నప్పుడు తేలిక, మూతపడిన తర్వాత కష్టము. కనుక పని చేస్తున్న రోజుల్లోనే చూసుకోవాలె. పింఛను తీసుకునేవాళ్ళు ఏటేటా బతికి ఉన్నామని రుజువు చూపాలి. ఏళ్ళ తరబడి ఆకు చుట్టిన వేళ్ళకు గీతలు అరిగి, వేలిముద్ర యంత్రము గుర్తు పట్టడం లేదని బాధపడే తల్లులున్నారు. 2021 నవంబరు నుంచి ముఖము చూపి కూడా ఆ రుజువు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. వేలు పడలేదని తిరిగి ఇంటికి వచ్చేయకండి, ముఖముతో చేయమని అడగండి.

చదువుకునే పిల్లలకు ఒక్క పని చెబుతాను, ఇది పరీక్షలో రాదు. రేపు మీరు ఏదో కంపెనీలో, హైదరాబాదులోనో దుబాయిలోనో, ఇటువంటి వ్యవస్థలు కట్టే ఉద్యోగాలకు పోతారు. పైవాళ్ళు మీకు కావలసిన రిపోర్టు చెబుతారు. మీరు ఒక పూట కింద రిజిస్టరు రాసే మనిషి దగ్గర కూర్చోండి. ఏ గడి లేదో అతడిని అడగండి. అతనికి తెలుసు. నాకు తెలుసు గదా, పద్నాలుగేళ్ళకే. అడిగినవారు లేరు.

కార్యదర్శిగారితో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాము. వచ్చే ఆదివారం అసర్ తర్వాత మన సంఘం గదిలో రెండు బల్లలు వేస్తాము. నేనూ, ఈ యేడు స్కాలర్‌షిప్పు పొందిన బి.కాం. పిల్లలు నలుగురూ కూర్చుంటాము. బీడీలు చుట్టేవారు, చుట్టి మానేసినవారు తమ పాత పుస్తకము, పి.ఎఫ్. చీటీ, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నాలుగూ తీసుకొని రావలెను. పేర్లు పక్కపక్కన రాసి, ఎక్కడ తేడా ఉన్నదో ఒక కాగితము మీద వేసి, దాని నకలు మీ చేతికే ఇస్తాము. ఒకరి పుస్తకము మీద ఇద్దరు చుడుతున్న ఇళ్ళు ఏవైనా ఉంటే, ఎవరూ సిగ్గుపడకుండా ఆ ఇద్దరూ కలిసి రావలెను. ఆ వివరము రాసుకోవడానికి పిల్లలచేత ఒక గడి వేయించాను.